గాడిద కోసం ఆగిపోయిన మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు కువైట్‌లోని జహ్రాలో, నేను పనిచేసే ఇంటి వంటగదిలో, ఉల్లిగడ్డలు తరుగుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన కొడుకు. "అక్కా, నాయన పోయినాడు" అన్నాడు. వెంటనే ఫోన్ పక్కనున్న ఎవరి చేతికో ఇచ్చేశాడు. ఆ ఎవరో నన్ను ఓదార్చడం మొదలుపెట్టారు. ఎవరని అడిగే ఓపిక కూడా నాకు లేకపోయింది.

వెళ్దామంటే నా ఇఖామా, ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కాగితం, రెన్యూవల్‌లో ఉంది. పాస్‌పోర్టు ఆఫీసులో ఉంది. మేమంతా మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు నన్ను దగ్గరికి తీసుకుని, కన్నీళ్ళు తుడిచి, "ఇన్షా అల్లా, వచ్చే వారం" అంది. మంచి మనసుతోనే అంది. కానీ పోయిన మనిషి వచ్చే వారం దాకా ఆగడు కదా. ఆఖరి చూపు ఫోన్‌లోనే చూశాను. పాడె లేపే సమయానికి సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి ఫోన్ పట్టుకున్న పిల్లవాడు నేలవైపు తిప్పి నడుస్తున్నాడు. చెప్పులు, మట్టి, రాలిన బంతిపూలు. అంతే నాకు దక్కింది.

మర్నాడు మా వాళ్ళు ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీ ఫొటో పంపారు. అందులో చిన్నాయన కోటు వేసుకుని ఉన్నాడు. ఆయన జన్మలో కోటు తొడగలేదు. వెనక ఒక తెల్లకారు, ఎత్తైన అద్దాల మేడలు. కింద "కువైట్‌లో చాలా ఏళ్ళు డ్రైవరుగా పనిచేసి" అని రాసి ఉంది. డ్రైవరుగా ఆయన పనిచేసింది కొన్ని వారాలు. మిగిలిన కాలమంతా గొర్రెల దగ్గర. ఆ ఫ్లెక్సీలో ఒక్క గొర్రె లేదు. గాడిద అసలే లేదు. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. చదివేవాళ్ళు మన్నించాలి, దానితోనే ఇది రాస్తున్నాను.

ఆయన వీసా డ్రైవరు వీసానే. ఇచ్చింది మామా భర్త, మా కఫీల్, అంటే ఇక్కడ మాకు పూచీపడే యజమాని. వచ్చిన కొత్తలో చిన్నాయన ఆ ఇంటి పిల్లల్ని బడికి దింపేవాడు. అంతలో ఎడారిలో గొర్రెలు కాసే మనిషి పని మానేసి వెళ్ళిపోయాడు. ఊరి బయట పశువుల దొడ్డిని ఇక్కడ జాఖూర్ అంటారు. "కొన్నాళ్ళు చూసుకో, ఇంకొకడు దొరికేదాకా" అని కఫీల్ ఆయన్ని అక్కడ దింపాడు. ఇంకొకడు దొరకలేదు. వెతికినట్టు కూడా నాకు తెలియదు. రాయచోటి పక్కన గొర్రెలు అమ్మి వీసా తెచ్చుకున్న మనిషి, సముద్రం దాటి వచ్చి మళ్ళీ గొర్రెల దగ్గరే తేలాడు. నాకు ఈ ఇంట్లో పని ఇప్పించింది ఆయనే. నేను వచ్చిన మొదటి వారంలోనే, "ఇదేం అన్యాయం చిన్నాయనా, అడగొచ్చు కదా" అన్నాను. "అడిగినా పాపా. ఆయన ఇన్షా అల్లా అన్నాడు" అని నవ్వాడు.

గురువారాల్లో పాలు తీసుకుని వానెట్ అనే చిన్న ట్రక్కులో ఇంటికి వచ్చేవాడు. వంటగది వెనక మెట్టు మీదే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "నా దగ్గర గొర్రె వాసన వస్తాది, మామా ముక్కు మూసుకుంటాది" అనేవాడు. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఖర్జూరాలు ఉండేవి. అవి ఆయనకు కాదు, దొరసానికి.

దొరసాని అంటే గాడిద. ఇక్కడ మందకు ముందు గాడిదను నడిపిస్తారు, గొర్రెలు దాని వెంట వెళ్తాయి. ఎవరు పిలిచినా పలకకుండా, తలెత్తి ముందు నడుస్తుందని ఆయన ఆ పేరు పెట్టాడు. మొదట్లో దాన్ని తిట్టని రోజు లేదు. "మన ఊర్లో మనిషిని గాడిదా అంటే కొట్టుకుంటారు. ఈడ నేను గాడిద ఎనకాల నడస్తాండా" అని వాపోయేవాడు.

ఒక వేసవిలో మధ్యాహ్నం పూట తోజ్ వచ్చింది. దుమ్ము తుఫానును ఇక్కడ అలా అంటారు. ఇంట్లో మేము కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని కూర్చున్నాం. పట్టపగలే లైట్లు వేసుకున్నాం. చిన్నాయన మందను తీసుకుని దూరం వెళ్ళి ఉన్నాడు. ఎర్రటి గోడ ఒకటి నడిచి వచ్చినట్టు వచ్చిందట. చేయి చాపితే చేయి కనబడలేదట. ఫోన్ చేస్తే కలవలేదు. కఫీల్ కొడుకు బండి తీసుకుని బయలుదేరి, రోడ్డే కనబడక సగం దారి నుంచి వెనక్కి వచ్చాడు.

తరువాత వెనక మెట్టు మీద కూర్చుని, కళ్ళు ఇంకా ఎర్రగా ఉండగా, ఆయన చెప్పింది ఇది.

"దాని తాడు చేతికి చుట్టుకున్నా పాపా. నాకు తెలిసిన దిక్కుకు లాగితే అది కదల్లే. కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. కొట్టినా. కట్టె విరిగేదాకా కొట్టినా. నోటికొచ్చినట్టల్లా తిట్టినా. కదల్లే. అది వేరే పక్కకు లాగతాంది. ఊపిరాడక ఇంక నాకు శక్తి చాల్లే. పో, యాడికి పోతావో పో, నేనూ వస్తా అనుకున్నా. కండ్లు మూసుకుని దాని ఎనకాల నడిచినా. ఎంతసేపు నడిచినామో తెలీలే. మోకాలికి ఇనుము తగిలింది. చూస్తే మన నీళ్ళ ట్యాంకు."

"మరి నువ్వు లాగిన పక్కకు పోయుంటే?"

"ఆ పక్క ఏముంది? ఎడారే. ఇంకా నడస్తానే ఉండుంటా" అన్నాడు.

గొర్రెలు చాలా వరకు వెంట వచ్చేశాయి. రెండు దొరకలేదు. వాటి కోసం కఫీల్ గట్టిగానే కేకలేశాడు. మనిషి బతికి వచ్చాడన్న మాట కేకలయ్యాకే గుర్తొచ్చింది.

ఆ తరువాత కొన్నాళ్ళకే మామా చిన్నకూతురు మెక్సికో వెళ్ళివచ్చింది. ఆ అమ్మాయి బడిలో బొమ్మలు గీయడం నేర్పే టీచరు. చెక్కపెట్టె నిండా చిన్న చిన్న రేకు పలకలు తెచ్చింది. వాటి మీద రంగుల బొమ్మలు. మేడ మీద తన గదిలో తగిలించడానికి గోడకు మేకులు కొట్టాలని చిన్నాయనను పిలిపించింది. ఆ రోజు ఆయన స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మొదటిసారి ఆ ఇంట్లో మెట్లెక్కాడు.

మేకులు కొట్టడం పక్కనబెట్టి బొమ్మలు చూస్తూ నిలబడిపోయాడు. ఒకదాంట్లో వాగులో పడి ఒడ్డుకు చేరి నిలబడిన ఆవు, పక్కన మోకాళ్ళ మీద చేతులు జోడించిన ముసలావిడ. ఒకదాంట్లో పాము కాటేసినా లేచి నిలబడిన కుక్క, పక్కన మోకరిల్లి ఏడుస్తున్న ఆడపిల్ల. ఇంకోదాంట్లో మోకాళ్ళ మీద కూర్చున్న రైతు, రోగం తగ్గి లేచి నిలబడిన పంది. ప్రతి దాంట్లో పై మూల మబ్బులో ఒక పునీతుడో, మేరీమాతో. కింద వాళ్ళ భాషలో నాలుగు వరుసల రాత.

ఆ అమ్మాయి చెబుతుంటే నేను తెలుగులో ఆయనకు చెప్పాను. ఆ దేశంలో మనిషికో పశువుకో ఆపద వస్తే దేవుణ్ణో పునీతుణ్ణో తలుచుకుంటారట. గండం గడిచాక, జరిగింది జరిగినట్టు ఒక రేకు మీద బొమ్మ వేయించి, కింద తమ పేరు, ఊరు, ఏం జరిగిందో రాయించి చర్చిలో తగిలిస్తారట. డబ్బున్నవాళ్ళే కాదు, ఒక్క కోడి ఉన్నవాళ్ళు కూడా.

"అంటే మొక్కు చెల్లించడమే కదా పాపా. మా అమ్మ ఎద్దుకు బాగైతే అమ్మవారికి మట్టి ఎద్దు పెట్టింది. వీళ్ళూ మన మాదిరే" అన్నాడు. ఇంకాసేపు చూసి, "ఒకటి చూసినావా? మనుషులందరూ మోకాళ్ళ మీద ఉండారు. పశువులు మాత్రం నిలబడే ఉండాయి" అన్నాడు. నేను ఆ మాట అరబ్బీలో చెబితే ఆ అమ్మాయి గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో రేకూ మళ్ళీ చూసింది.

దిగేటప్పుడు మెట్ల మీద ఆగి, "నాకొకటి వేసిస్తుందేమో అడుగు" అన్నాడు. ఆయన నోట ఈ ఇంట్లో నేను విన్న మొదటి కోరిక అది.

ఆ అమ్మాయి సంతోషంగా ఒప్పుకుంది. అక్కడి నుంచి నా పాట్లు మొదలయ్యాయి. బొమ్మ వేసింది ఆమె, తలనొప్పి నాది. ముందు గాడిద చెవులు కుదరలేదన్నాడు. తరువాత తాడు కుడిచేతికి కాదు, ఎడమచేతికి అన్నాడు. ఆ తరువాత అసలు చిక్కు వచ్చింది. పై మూల మబ్బులో ఎవరిని పెట్టాలి? వాళ్ళ ఇంట్లో దేవుడి బొమ్మ గీయరు. మెక్సికో పునీతులు ఆయనకు తెలియరు. అయినా మన దేవుళ్ళలో ఎవరైనా సరే, ఫొటో చూసి వేస్తానని ఆ అమ్మాయి పెద్దమనసు చేసుకుంది. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ పొద్దు పైన ఎవురూ కనపడలే పాపా. దుమ్మే ఉండింది. కనపడనోళ్ళను కనపడినట్టు ఎట్ట వేయిస్తాం?"

"మరి ఎవరికి దండం పెడుతున్నట్టు?"

"దాన్ని పంపినోళ్ళెవరో వాళ్ళకు తెలుసులే. దుమ్ము వేయమను."

అలా పై మూలంతా ఎర్రదుమ్ము రంగే పడింది. కింద ఏం రాయాలో నాకు చెప్పి రాయించాడు. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తోజ్‌లో దారి తప్పిన నన్ను ఈ గాడిద ఇంటికి చేర్చింది. కొట్టినా నా మాట వినలేదు. వినకపోబట్టి బతికినాను. నేను చూసుకోక రెండు గొర్రెలు పోయినాయి. దండం."

రెండు గొర్రెల సంగతి తీసేద్దామని నేనూ ఆ అమ్మాయీ ఎంత చెప్పినా వినలేదు. "మొక్కు బొమ్మలో పోయిన సరుకు గురించి ఎవరు రాస్తారు చిన్నాయనా?" అని విసుక్కున్నాను. "అవి నా మాట మీద బయటికొచ్చినాయి. జరిగింది జరిగినట్టు రాస్తారని నువ్వే కదా చెప్పినావు" అన్నాడు. ఆ గొర్రెల మాట కూడా రాయించాను. ఆయనతో వాదన ఎప్పుడూ ఇక్కడికే వచ్చేది.

బొమ్మ తడి ఆరకముందే కఫీల్ కొత్త నాలుగు చక్రాల మోటారు బండి కొన్నాడు, ఇసకలో నడిచేది. ఇక గాడిదతో పనేముంది, ముసలిదైపోయింది, ఖలాస్, ఎడారిలో వదిలేయండి అన్నాడు. వదిలేయడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ వేసవిలో నీళ్ళు లేకుండా అది ఎన్నాళ్ళో బతకదు. చిన్నాయన వచ్చి వెనక మెట్టు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే చల్లారిపోయింది. చివరికి చిన్నకూతురే ఆ రేకు తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది. కింది రాత చదివి చెప్పడానికి నన్ను పిలిచింది.

కఫీల్ ముందు పగలబడి నవ్వాడు. తన దొడ్డి, తన నీళ్ళ ట్యాంకు బొమ్మలోకెక్కినందుకు ముచ్చటపడ్డాడు. నేను ఒక్కో మాటా అరబ్బీలో చెబుతూ గొర్రెల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపాడు. "నేను చూసుకోక అని వాడే రాయించాడా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు గడ్డం సవరించుకున్నాడు.

"సరే, గాడిద ఉండనీ. కానీ దాన్ని చూసుకునే బాధ్యత అతనిదే. అతను ఉన్నంతకాలం ఉంటుంది. అతను వెళ్ళిపోయిన రోజు అదీ వెళ్ళిపోతుంది."

నేను పరుగున వెళ్ళి ఈ మాట చెబితే చిన్నాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ రోజు నేనూ సంబరపడ్డాను. ఆ మాట వెనకాల ఎంత పెద్ద గుంజ ఉందో, దానికి కట్టేసింది గాడిదను కాదని, తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఎందుకంటే ఆ ఏడాది ఆయన ఇంటికి వెళ్ళిపోవాల్సినవాడు. కొడుక్కి పని దొరికింది. చిన్నమ్మ ఇక చాలు వచ్చేయమంది. ఆయన టికెట్ తీసుకోలేదు. మరుసటి ఏడు కొత్త ఇంట్లో పాలు పొంగించారు, పోలేదు. చిన్నమ్మ ఒక్కతే పీట మీద కూర్చుంది. ఫోన్‌లో నామీద విరుచుకుపడింది. "మీ చిన్నాయనకు చెప్పు, ఈడ మనుషులు గూడా ఉండారని. గాడిదకు పెట్టే ఖర్జూరం నాకొద్దులే. ముఖం చూపించి పొమ్మను." నేను ఆ మాటలు ఆయనకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆయన తల వంచుకుని విని, "అదీ నిజమే" అన్నాడు. అంతే. నిజమే అని ఒప్పుకుని ఏమీ చేయని మనిషితో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

ఆయనకు దగ్గు మొదలైంది. దుమ్ము, గడ్డి, రేకుల గదిలో చలి. ఆస్పత్రికి తీసుకెళ్తే మందులిచ్చి, దుమ్ములో తిరగొద్దన్నారు. ఎడారిలో ఉండే మనిషికి అది చెప్పడం డాక్టరు తప్పు కాదు, కానీ వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

ఇక లాభం లేదని నేనూ చిన్నకూతురూ కలిసి దారి వెతికాం. ఆమె స్నేహితురాళ్ళలో పొలాలున్న ఒకామె గాడిదను ఉంచుకుంటానంది. నీడ, నీళ్ళు, పచ్చగడ్డి అన్నీ ఉన్నచోటు. కఫీల్ కూడా తలూపాడు. శుక్రవారం ఉదయం లారీ తెచ్చాం. నేను స్వయంగా వెళ్ళాను. చిన్నాయన టికెట్ కూడా మాట్లాడి పెట్టాను.

దొరసాని లారీ ఎక్కలేదు. లారీతో వచ్చిన ముగ్గురు మనుషులు ముందు నుంచి లాగారు, వెనక నుంచి తోశారు. "యల్లా, యల్లా" అని అరిచారు. అది లారీ ఎక్కే పలక దగ్గర కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. గట్టిగా లాగితే పడుకుంది. ఎండ ఎక్కుతోంది. లారీవాడు గడియారం చూసుకుంటున్నాడు. చిన్నాయన నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి చూస్తున్నాడు తప్ప ఒక్క అడుగు ముందుకు వేయలేదు. నేనిక ఆగలేకపోయాను.

"నువ్వు చెప్తే ఎక్కుతుంది కదా చిన్నాయనా!" అని అందరి ముందూ అరిచాను.

"చెప్తే ఎక్కుతాది పాపా. అందుకే చెప్పలే" అన్నాడు.

"ఇదేం మాట?"

"ఆ పొద్దు నేను లాగితే రాలే. వచ్చింటే ఇద్దరం పోయుంటాం. దానికి రావడం ఇష్టం లేకుంటే ఏదో ఉంటాది. నేను పిలిస్తే ఇష్టం లేకపోయినా వస్తాది. ఆ పని నాతో చేయించొద్దు."

నేను లారీవాడికి సర్దిచెప్పి పంపేశాను. దారంతా ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. కొన్ని వారాలు ఆయనతో మాట్లాడలేదు. గురువారం టీ గ్లాసు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన తాగి, గ్లాసు కడిగి, బోర్లించి పోయేవాడు. ఇది తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆయన మీద అంతగా కోపపడే హక్కు ఈ దేశంలో నాకొక్కదానికే ఉంది.

మొన్నటి చలికాలంలో దొరసాని పోయింది. ముసలితనమే. ఆయన ఒక్కడే గట్టి నేలలో గుంత తవ్వి పూడ్చాడు. సాయానికి కఫీల్ కొడుకు పార పట్టుకుని వెళ్ళేసరికి మట్టి కప్పడం కూడా అయిపోయిందట. ఆ తరువాత ఒక్క రోజు కూడా ఆగనన్నాడు. ఇన్నేళ్ళూ కదలని మనిషి, కాగితాలు ఎప్పుడవుతాయని నన్ను రోజూ వేధించాడు. ఎయిర్‌పోర్టుకు నేను వెళ్ళాను. రేకు బొమ్మ తీసుకెళ్ళవా అంటే, "మొక్కు చెల్లించినాక ఇంటికి తెచ్చుకుంటారా ఎవరైనా?" అన్నాడు.

అది ఇప్పుడు మేడ మీద ఆ మెక్సికో రేకుల మధ్య ఉంది. దుమ్ము తుడిచేది నేనే. వచ్చినవాళ్ళకు చిన్నకూతురు ఆ కథ చెబుతుంది. తుఫాను, తాడు, నీళ్ళ ట్యాంకు. అందరూ అబ్బ అంటారు. కథ అక్కడితో అయిపోతుంది. లారీ గురించి, పీట మీద ఒంటరిగా కూర్చున్న చిన్నమ్మ గురించి ఆమె చెప్పదు. చెప్పడానికి ఆ రేకు మీద చోటెక్కడుంది? ప్రాణం దక్కిన ఆ గడియ వరకే అందులో పడుతుంది. వాగులో నుంచి ఆవును బయటికి తీసిన ఆ ముసలావిడ తరువాత ఎలా బతికిందో, పంది కోసం మోకాళ్ళూనిన రైతు ఏం పోగొట్టుకున్నాడో నాకు తెలియదు. తుడుస్తున్నప్పుడల్లా అడగాలనిపిస్తుంది. చిన్నాయనను తలుచుకుంటే గర్వపడాలో, గట్టిగా కేకలేయాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. గండం నుంచి బయటపడ్డవాళ్ళు చాలామంది దండం పెట్టి తమ పనిలో పడిపోతారు. ఆయనకు అది చేతకాలేదు. ఇంటికి చేరి నాలుగు నెలలన్నా పూర్తిగా కాపురం చేయకుండానే ఆ దగ్గుతోనే పోయాడు.

పెద్దకర్మ అయిపోయిన మర్నాడు సాయంత్రం చిన్నమ్మకు వీడియో కాల్ చేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె గొంతులో చిరాకు తప్ప ఏడుపు లేదు.

"పక్కింటోళ్ళ మేక ఒకటి ఉండాది మే" అంది. "మీ చిన్నాయన వచ్చినప్పటి నుంచి బయట ఆయన మంచం కాడికే వస్తాది. ఎంత తోలినా పోదు. ఈయప్పకు ఈడ గూడా ఒకటి దొరికిందే అని రోజూ తిట్టుకుంటా ఉంటి. ఇప్పుడు ఆయనే లేడు. అయినా వచ్చి మంచం కిందనే పడుకుంటాంది. పొద్దున తోలదామని కట్టె తీసుకున్నా."

"తోలినావా చిన్నమ్మా?"

 ఆమె ఫోన్ అటు తిప్పింది. వాకిట్లో నులకమంచం, దాని మీద మడతపెట్టిన దుప్పటి. మంచం కింద నల్లమేక కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. దాని ముందు ఎవరో కోసి తెచ్చి వేసిన పచ్చి అవిసాకు. మేక తలెత్తి ఫోన్ వెలుతురును చూసింది. నమలడం మాత్రం ఆపలేదు.